డ్రూపల్‌లో సొంత మాడ్యూళ్ల మధ్య కోడ్ పంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్‌లలో డ్రూపల్ (వెబ్‌సైట్లు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్) మీద పనిచేసే చిన్న టీమ్‌లతో ఎప్పుడు మాట్లాడినా ఇవే సందేహాలు వస్తుంటాయి. సైట్ రెండు కస్టమ్ మాడ్యూళ్లతో, అంటే మనం సొంతంగా రాసి చేర్చుకునే భాగాలతో మొదలవుతుంది, కొన్నాళ్లకు అవి పది అవుతాయి, ఒకే కోడ్ నాలుగు చోట్ల కనిపిస్తుంది. అప్పుడు టెన్షన్ మొదలవుతుంది. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఏ ప్రశ్న దగ్గరికైనా నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

ఉదాహరణల కోసం ఒక సైట్‌ను ఊహించుకుందాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి, పత్తి ధరలు చూపించి, రైతులకు ఎస్సెమ్మెస్ పంపే సైట్ అది. చెప్పినవన్నీ డ్రూపల్ 10, 11లకు వర్తిస్తాయి. ఫైల్ పేర్లు, కమాండ్లు పలికినట్టే తెలుగులో రాశాను.

## మొదలుపెట్టే ముందు

ఒకే ఫంక్షన్‌ను మూడు మాడ్యూళ్లలో కాపీ చేసి పెట్టుకున్నా. నడుస్తోంది కదా, ఎందుకు మార్చాలి?

నడిచినన్ని రోజులు నడుస్తుంది. కానీ ధరను లక్షల పద్ధతిలో, అంటే 1,25,000 అని చూపించే ఫంక్షన్ మిర్చి, పత్తి, రిపోర్టుల మాడ్యూళ్లు మూడింటిలోనూ ఉందనుకోండి. పీహెచ్‌పీలో మామూలు నంబర్ ఫార్మాట్ ఫంక్షన్ మూడేసి అంకెలకు కామా పెట్టి 125,000 అని చూపిస్తుంది కాబట్టి ఎవరో సొంతంగా రాసి ఉంటారు. అందులో పైసల దగ్గర ఒక తప్పు బయటపడుతుంది. మిర్చి పేజీలో కనిపించింది కాబట్టి అక్కడ సరిచేస్తారు. పత్తి పేజీలో అదే తప్పు మిగిలిపోతుంది. ఒకే రోజు, ఒకే సైట్‌లో రెండు పేజీలు రెండు అంకెలు చూపిస్తే రైతు దేన్ని నమ్మాలి? కాపీ కోడ్‌తో వచ్చే అసలు నష్టం ఇదే. ఎక్కువ లైన్లు రాయడం పెద్ద సమస్య కాదు, ఒక నిజానికి మూడు రూపాలు తయారవడం సమస్య.

అయితే రెండు చోట్ల ఒకేలాంటి కోడ్ కనపడగానే ఉమ్మడి చేసేయాలా?

వద్దు. చూడ్డానికి ఒకేలా ఉన్నంత మాత్రాన రెండూ ఒకటే పని అనుకోకూడదు. మిర్చి ధర రాసే ఫారం, పత్తి ధర రాసే ఫారం ఇవాళ అచ్చం ఒకేలా ఉండొచ్చు. రేపు మిర్చికి తేజ, వండర్ హాట్, చపాటా అని రకాలు చేర్చమంటారు, పత్తికి తేమ శాతం అడుగుతారు. అప్పటికే రెండింటినీ ఒకే క్లాస్‌లో కలిపేసి ఉంటే, లోపల "మిర్చి అయితే ఇది, పత్తి అయితే అది" అని షరతులు పేరుకుపోతాయి.

నేను అడిగే ప్రశ్న ఒకటే: ఒక చోట నియమం మారితే రెండో చోట కూడా తప్పనిసరిగా మారాలా? అవునంటే ఉమ్మడి చేయండి, రెండు చోట్లే ఉన్నా సరే. క్వింటా అంటే 100 కిలోలు అనేది ఎక్కడైనా ఒకటే. కాదంటే కాపీగానే ఉండనివ్వండి, దానివల్ల నష్టం లేదు. తేల్చుకోలేకపోతే మూడోసారి అవసరం పడేదాకా ఆగండి, ఈలోపు తేడాలు వాటంతటవే బయటపడతాయి.

డ్రూపల్ 7లో ఇంక్లూడ్ ఫైల్ పెట్టి పిలుచుకునేవాళ్లం. ఆ అలవాటు ఇప్పుడు పనికిరాదా?

పనికిరాదనే చెప్పాలి. 2015 నవంబర్‌లో వచ్చిన డ్రూపల్ 8తో పద్ధతి మొత్తం మారింది. సింఫనీ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ భాగాలు లోపలికి వచ్చాయి, క్లాసులు వాటంతటవే లోడ్ కావడం మొదలైంది. డ్రూపల్ 7కు 2025 జనవరి 5తో అధికారిక సపోర్ట్ కూడా ముగిసింది. ఫైల్‌ను చేత్తో ఇంక్లూడ్ చేసే దారి ఇప్పటికీ ఉంది కానీ కొత్త కోడ్‌లో దాని అవసరం దాదాపు రాదు. క్లాస్ రాసి ఎస్ఆర్‌సీ ఫోల్డర్‌లో సరైన పేరుతో పెడితే చాలు.

## ఎక్కడ పెట్టాలి, ఏ రూపంలో పెట్టాలి

"కామన్" అని ఒక మాడ్యూల్ చేసి అన్నీ అందులో వేస్తే పోదా?

ఉమ్మడి మాడ్యూల్ ఉండాలి, కానీ దానికి ఆ పేరు వద్దు. కామన్, యుటిల్స్, హెల్పర్ అని పేరు పెట్టిన మాడ్యూల్ ఇంట్లో అటకలాంటిది. ఎక్కడ పెట్టాలో తోచనిదల్లా అక్కడికే చేరుతుంది, దించి చూసేవాళ్లు ఉండరు. కొన్నాళ్లకు ఎస్సెమ్మెస్ పంపే కోడ్, ధరల లెక్క, పీడీఎఫ్ తయారీ, ఎవరో రాసిన లాగిన్ మార్పు అన్నీ ఒకే చోట ఉంటాయి. ఎస్సెమ్మెస్ ఒక్కటే కావాల్సిన మాడ్యూల్ కూడా పీడీఎఫ్ లైబ్రరీని మోయాల్సి వస్తుంది.

పని పేరుతో మాడ్యూల్ చేయండి. ఎస్సెమ్మెస్ పంపడానికి ఒకటి, కొలతలు–ధరలకు ఒకటి. చిన్నవి రెండు మూడు ఉన్నా డ్రూపల్‌కు బరువేమీ కాదు. మాడ్యూల్ పేరుకు ముందు మీ ప్రాజెక్ట్ పేరు చిన్నగా చేర్చండి, లేకపోతే రేపు డ్రూపల్ డాట్ ఆర్గ్ నుంచి తెచ్చుకునే మాడ్యూల్ పేరుతో ఢీకొంటుంది. ప్రతి ఉమ్మడి మాడ్యూల్‌కూ టీమ్‌లో ఒక మనిషి బాధ్యుడై ఉండాలి. అందరిదీ అంటే ఎవరిదీ కాకుండా పోతుంది.

సర్వీసా, ట్రెయిటా, బేస్ క్లాసా, స్టాటిక్ ఫంక్షనా? ఏది ఎప్పుడు వాడాలో అర్థం కావట్లేదు.

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు సర్వీస్ గురించే ఆలోచించండి. సర్వీస్ అంటే డ్రూపల్ తయారుచేసి, పేరుతో అడిగినవాళ్లకు అందించే ఆబ్జెక్ట్. పని చేయడానికి డేటాబేస్, సెట్టింగ్స్, లాగర్, బయటి సర్వర్... వీటిలో ఏ ఒక్కటి కావాల్సినా అది సర్వీస్ కావాల్సిందే. ఎస్సెమ్మెస్ పంపడం దీనికి సరైన ఉదాహరణ. క్లాస్ రాస్తారు, మాడ్యూల్ పేరుతో ఉండే సర్వీసెస్ వైఎంఎల్ ఫైల్‌లో దానికి ఒక పేరు ఇస్తారు, దానికి ఏమేం కావాలో ఆర్గ్యుమెంట్లుగా రాస్తారు. వాడుకునే మాడ్యూల్‌కు ఆ పేరు తెలిస్తే చాలు. దానికి ఒక ఇంటర్‌ఫేస్ (ఏయే మెథడ్లు ఉండాలో చెప్పే జాబితా) కూడా రాస్తే, ఎస్సెమ్మెస్ కంపెనీ మారినప్పుడు లోపలి క్లాస్ మార్చినా వాడుకునేవాళ్ల కోడ్‌లో ఒక్క లైను ముట్టుకోనక్కర్లేదు. సర్వీస్‌కు ఉన్న పెద్ద బలం ఇది.

ఇన్‌పుట్ ఇస్తే అవుట్‌పుట్ ఇచ్చి, మరి దేన్నీ ముట్టుకోని చిన్న లెక్క అయితే స్టాటిక్ మెథడ్ చాలు. కిలోలను క్వింటాళ్లలోకి మార్చడానికి సర్వీస్ అక్కర్లేదు. కానీ ఆ మెథడ్ లోపల సెట్టింగ్స్ చదవడం మొదలుపెట్టిన రోజే దాన్ని సర్వీస్‌గా మార్చేయండి.

ట్రెయిట్ అంటే వేర్వేరు వంశాల క్లాసులకు ఒకే చిన్న అలవాటు నేర్పడం. డ్రూపల్ కోర్‌లోనే అనువాదానికి స్ట్రింగ్ ట్రాన్స్‌లేషన్ ట్రెయిట్, సందేశాలకు మెసెంజర్ ట్రెయిట్ ఉన్నాయి. అవి ఎంత చిన్నవో ఒకసారి తెరిచి చూడండి, మీవీ అంతే ఉండాలి. ట్రెయిట్‌లో వ్యాపార నియమాలు రాయడం నాకు నచ్చదు. దాన్ని విడిగా టెస్ట్ చేయడం కష్టం. పైగా లోపల ఏయే సర్వీసులు పిలుస్తోందో బయటికి కనిపించదు.

బేస్ క్లాస్‌ను అన్నిటికంటే చివర ఆలోచించండి. పది ఫారాలకు మొదట్లో, చివర్లో వచ్చే భాగాలు ఒకటే అయితే బేస్ ఫారం బాగానే ఉంటుంది. ఇబ్బందల్లా కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే మెథడ్) దగ్గర. బేస్ క్లాస్ కన్‌స్ట్రక్టర్‌కు కొత్త ఆర్గ్యుమెంట్ చేర్చారంటే, దాన్ని తిరగరాసుకున్న పిల్ల క్లాసులన్నీ ఒకేసారి విరుగుతాయి. పీహెచ్‌పీలో ఒక క్లాస్‌కు తల్లి క్లాస్ ఒక్కటే ఉండగలదు కాబట్టి, ఆ స్థానాన్ని వాడేసుకుంటే మళ్లీ దొరకదు.

డాట్ మాడ్యూల్ ఫైల్‌లో ఫంక్షన్ రాసి పక్క మాడ్యూల్ నుంచి పిలిస్తే తప్పా?

పనిచేస్తుంది. ఆన్‌లో ఉన్న మాడ్యూళ్ల డాట్ మాడ్యూల్ ఫైళ్లను డ్రూపల్ లోడ్ చేస్తుంది కాబట్టి ఆ ఫంక్షన్ అందరికీ కనిపిస్తుంది. కానీ టెస్టులో దాన్ని మార్చి పెట్టలేరు, ఎవరెవరు వాడుతున్నారో తెలియదు, పేర్లు ఢీకొంటే సైట్ మొత్తం పడిపోతుంది. డాట్ మాడ్యూల్ ఫైల్‌ను హుక్స్‌కే, అంటే ఆయా సందర్భాల్లో డ్రూపల్ తానే పిలిచే ఫంక్షన్లకే వదిలేయండి. డ్రూపల్ 11.1 నుంచి హుక్స్‌ను కూడా క్లాసుల్లోనే, హుక్ అనే యాట్రిబ్యూట్ పెట్టి రాసుకోవచ్చు. అంటే కోర్ కూడా ఆ ఫైల్ అవసరాన్ని తగ్గించుకుంటూ వస్తోంది.

సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, ట్విగ్ టెంప్లేట్లు కూడా పంచుకోవచ్చా?

పంచుకోవచ్చు. సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌లను ఉమ్మడి మాడ్యూల్ లైబ్రరీస్ వైఎంఎల్ ఫైల్‌లో ఒక లైబ్రరీగా రాయండి. మిగతా మాడ్యూళ్లు తమ లైబ్రరీకి డిపెండెన్సీగా (ఇది నడవాలంటే అది ఉండాలి అని) దాన్ని చెప్తే చాలు, ఒకే పేజీలో ఎంతమంది అడిగినా ఒక్కసారే లోడ్ అవుతుంది. ట్విగ్ (పేజీ ఎలా కనిపించాలో రాసే టెంప్లేట్ భాష) టెంప్లేట్‌ను యాట్ గుర్తు, మాడ్యూల్ పేరుతో పిలవొచ్చు. ధరల కార్డు లాంటి ముక్కలు చాలా చోట్ల కావాలంటే సింగిల్ డైరెక్టరీ కాంపొనెంట్లు వాడండి. టెంప్లేట్, సీఎస్ఎస్, స్క్రిప్ట్ అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి.

## మాడ్యూళ్లను కలిపేటప్పుడు

పక్క మాడ్యూల్ క్లాస్ వాడుతున్నా. ఫైల్ అక్కడే ఉంది, అయినా క్లాస్ దొరకలేదని ఎర్రర్ ఎందుకు?

నూటికి తొంభై సార్లు కారణం ఒకటే: ఆ మాడ్యూల్ ఆన్‌లో లేదు. ఫైల్ డిస్క్ మీద ఉంటే చాలదు. డ్రూపల్ ఆన్‌లో ఉన్న మాడ్యూళ్ల ఎస్ఆర్‌సీ ఫోల్డర్లను మాత్రమే ఆటోలోడర్‌కు పరిచయం చేస్తుంది.

మన సైట్‌కు రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర కోసం ఒక మాడ్యూల్ చేశారనుకుందాం. బస్సుల సమాచారం కోరినవాళ్ల ఫోన్ నంబర్ పది అంకెలు ఉందా లేదా చూసే క్లాస్‌ను అందులో రాశారు. అది బాగుందని రైతుల రిజిస్ట్రేషన్ మాడ్యూల్‌లోనూ దాన్నే వాడుకున్నారు. జాతర అయిపోయింది, ఆ మాడ్యూల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేశారు. అంతే, రైతుల రిజిస్ట్రేషన్ పేజీ పడిపోయింది. జాతరకూ రిజిస్ట్రేషన్‌కూ సంబంధం ఉందని ఎక్కడా రాసి లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఇందులో చేయాల్సినవి రెండు. ఫోన్ నంబర్ చూసే క్లాస్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఉమ్మడి మాడ్యూల్‌లోకి తేవాలి. దాన్ని వాడే ప్రతి మాడ్యూల్ ఇన్ఫో వైఎంఎల్ ఫైల్‌లో డిపెండెన్సీస్ కింద ఉమ్మడి మాడ్యూల్ పేరు రాయాలి. ఆ లైను ఉంటే ఉమ్మడి మాడ్యూల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసే పేజీలో, ఫలానా మాడ్యూళ్లు దీని మీద ఆధారపడ్డాయని చూపించి డ్రూపల్ ఆపుతుంది. వేరే మాడ్యూల్ క్లాస్‌ను యూజ్ అని ఫైల్ పైన రాసిన ప్రతిసారీ, ఇన్ఫో ఫైల్‌లో ఆ మాడ్యూల్ పేరుందో లేదో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

నా ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, సర్వర్‌లో మాత్రం క్లాస్ దొరకట్లేదు. ఏంది ఈ లొల్లి?

మీది విండోస్, సర్వర్ లైనక్స్ అయితే ముందు ఫైల్ పేరులో పెద్ద, చిన్న అక్షరాలు చూడండి. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, లైనక్స్ పట్టించుకుంటుంది. క్లాస్ పేరు, ఫైల్ పేరు, నేమ్‌స్పేస్‌లోని ఫోల్డర్ పేరు అక్షరం అక్షరం కలవాలి. గిట్‌లో పేరు మారిస్తే ఆ మార్పు విండోస్‌లో నమోదు కాకపోవచ్చు కాబట్టి గిట్ ఎంవీ కమాండ్‌తోనే మార్చండి. పేర్లు సరిగ్గానే ఉంటే, సర్వర్‌లో ఆ మాడ్యూల్ ఆన్‌లో ఉందో లేదో చూసి, డ్రష్ సీఆర్ (క్యాష్‌ను ఖాళీ చేసి మళ్లీ కట్టే కమాండ్) నడపండి.

ఇన్ఫో ఫైల్‌లో డిపెండెన్సీ రాసినా. అయినా ఉమ్మడి మాడ్యూల్ దానంతటది ఆన్ కాలేదేంటి?

డిపెండెన్సీ లైనును డ్రూపల్ మాడ్యూల్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చూస్తుంది. మీ మాడ్యూల్ అప్పటికే ఆన్‌లో ఉంటే, తర్వాత రాసిన లైను వల్ల ఏదీ ఆన్ కాదు. ఇన్‌స్టాల్ ఫైల్‌లో ఒక అప్‌డేట్ హుక్ (సైట్ అప్‌డేట్ నడిపినప్పుడు ఒక్కసారి నడిచే ఫంక్షన్) రాసి, మాడ్యూల్ ఇన్‌స్టాలర్ సర్వీస్‌తో ఉమ్మడి మాడ్యూల్‌ను ఆన్ చేయాలి.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త పడాలి. మీ మాడ్యూల్ సర్వీసెస్ ఫైల్‌లో ఉమ్మడి మాడ్యూల్ సర్వీస్‌ను ఆర్గ్యుమెంట్‌గా పెట్టి, రెండింటినీ ఒకేసారి సర్వర్‌కు పంపితే, అప్‌డేట్ హుక్ నడవకముందే కంటైనర్ (సర్వీసులన్నిటినీ తయారుచేసి ఇచ్చే భాగం) తయారీలో లేని సర్వీస్ అడిగారని ఎర్రర్ రావచ్చు. కాబట్టి రెండు విడతల్లో పంపండి: మొదటి విడతలో ఉమ్మడి మాడ్యూల్ వచ్చి ఆన్ కావాలి, రెండో విడతలో దాన్ని వాడే కోడ్ రావాలి. ఇక రెండోది, కాన్ఫిగ్ (సైట్ సెట్టింగ్స్) ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేసే సైట్ అయితే, కోర్ ఎక్స్‌టెన్షన్ ఫైల్‌లో కొత్త మాడ్యూల్ పేరు చేరేలా ఎక్స్‌పోర్ట్ చేసి కమిట్ చేయండి. లేకపోతే తర్వాతి కాన్ఫిగ్ ఇంపోర్ట్ ఆ మాడ్యూల్‌ను తీసేస్తుంది.

ఆ మాడ్యూల్ ఉంటే వాడుకోవాలి, లేకపోతే వదిలేయాలి. ఎట్లా?

సర్వీస్ ఒక్కటే అయితే, సర్వీసెస్ ఫైల్‌లో యాట్ గుర్తు వెనక ప్రశ్నార్థకం పెట్టి రాయండి. ఆ సర్వీస్ లేనప్పుడు కన్‌స్ట్రక్టర్‌కు నల్ (ఖాళీ విలువ) అందేలా దాన్ని చివరి ఆర్గ్యుమెంట్‌గా పెట్టి, డిఫాల్ట్ విలువ నల్ ఇవ్వండి. వాడే ముందు నల్ కాదని చూసుకోండి.

మీ క్లాస్ ఆ మాడ్యూల్ ఇంటర్‌ఫేస్‌నే ఇంప్లిమెంట్ చేస్తుంటే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. క్లాస్ లోడ్ అయ్యేటప్పుడే ఇంటర్‌ఫేస్ లేదని సైట్ ఆగిపోతుంది. అలాంటప్పుడు మీ మాడ్యూల్ లోపల మాడ్యూల్స్ ఫోల్డర్‌లో చిన్న సబ్‌మాడ్యూల్ చేయండి. దానికి సొంత ఇన్ఫో ఫైల్ ఉంటుంది, రెండు మాడ్యూళ్ల మీదా ఆధారపడుతుంది, రెండూ ఉన్న సైట్‌లోనే దాన్ని ఆన్ చేస్తారు.

ధరల మాడ్యూల్‌కు ఎస్సెమ్మెస్ కావాలి, ఎస్సెమ్మెస్‌కు ధరలు కావాలి. సర్క్యులర్ రిఫరెన్స్ ఎర్రర్ వస్తోంది.

రెండూ ఒకదాన్నొకటి అడిగితే డ్రూపల్ ఏది ముందు తయారుచేయాలి? అందుకే ఆపేస్తుంది. కంటైనర్ మొత్తాన్ని లోపలికి తెచ్చుకుని పని కానిచ్చేయమనే సలహా ఎక్కడైనా దొరుకుతుంది, అది వద్దు. దానివల్ల ఎర్రర్ దాగుతుంది, ముడి అలాగే ఉంటుంది.

ఎస్సెమ్మెస్ మాడ్యూల్‌కు ధరలు నిజంగా ఎందుకు కావాలి? సందేశంలో "తేజ క్వింటాకు ఇంత" అని రాయడానికి. అలా అయితే ఆ వాక్యాన్ని తయారుచేసే పని ధరల మాడ్యూల్‌ది. ఎస్సెమ్మెస్‌కు నంబర్, సందేశం రెండూ చేతికిస్తే పంపుతుంది, అందులో మిర్చి ఉందో పత్తి ఉందో దానికి తెలియనక్కర్లేదు. చాలా ముడులు ఇలా ఒక వాక్యాన్ని సరైన చోటుకు జరిపితే విడిపోతాయి. అలా కుదరకపోతే రెండింటికీ కావాల్సిన భాగాన్ని మూడో మాడ్యూల్‌లోకి తీయండి.

ధర మారగానే ఏయే మాడ్యూల్ ఏం చేస్తుందో ధరల మాడ్యూల్‌కు తెలియకుండా చేయొచ్చా?

దీనికే ఈవెంట్లు ఉన్నాయి. ధరల మాడ్యూల్ "ధర మారింది" అని ఒక ఈవెంట్ పంపి ఊరుకుంటుంది. ఎస్సెమ్మెస్, రిపోర్టులు, ఇంకేదైనా మాడ్యూల్ దానికి సబ్‌స్క్రైబర్ రాసుకుంటాయి. కొత్తది చేర్చినా పాతది తీసినా ధరల మాడ్యూల్ కోడ్ కదలదు. సొంత హుక్ పెట్టినా ఇదే పని అవుతుంది. పెడితే మాత్రం డాట్ ఏపీఐ డాట్ పీహెచ్‌పీ ఫైల్‌లో ఆ హుక్ ఎప్పుడు నడుస్తుందో, ఏం అందుతుందో రాసిపెట్టండి.

డ్రూపల్ సర్వీస్ అని ఎక్కడంటే అక్కడ నేరుగా పిలుస్తున్నా. కన్‌స్ట్రక్టర్ గొడవ ఎందుకు?

హుక్ ఫంక్షన్లలో నేరుగా పిలవడం సరే. క్లాసుల్లో మాత్రం వద్దు. కన్‌స్ట్రక్టర్ చూస్తే ఈ క్లాస్‌కు ఏమేం కావాలో ఒక్క చూపులో తెలియాలి. కన్‌స్ట్రక్టర్‌లో ఎనిమిది సర్వీసులు పోగయితే ఆ క్లాస్ చాలా పనులు నెత్తిన వేసుకుందని అర్థం, నేరుగా పిలిస్తే ఆ సంగతి కనబడకుండా పోతుంది. ఫారాలు, కంట్రోలర్లలో క్రియేట్ మెథడ్ ద్వారా తెచ్చుకోండి. బ్లాక్ లాంటి ప్లగిన్ అయితే కంటైనర్ ఫ్యాక్టరీ ప్లగిన్ ఇంటర్‌ఫేస్ చేర్చాలి.

## నడుస్తున్న సైట్‌ను మార్చేటప్పుడు

పాత మాడ్యూల్‌లో ఉన్నదాన్ని ఉమ్మడి మాడ్యూల్‌కు మారిస్తే డేటా పోతుందా?

ఉత్త క్లాస్, సర్వీస్ అయితే పోదు. కానీ డేటా ఎవరి పేరు మీద ఉందో చూడకుండా పాత మాడ్యూల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే మాత్రం పోతుంది. దీని గురించి నేను ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే కోడ్ తప్పు గిట్‌లో వెనక్కి వస్తుంది, డేటా రాదు.

డ్రూపల్ అన్‌ఇన్‌స్టాల్ సమయంలో ఏం చేస్తుందో తెలుసుకోండి. ఆ మాడ్యూల్ ఇన్‌స్టాల్ ఫైల్‌లోని స్కీమా హుక్ తయారుచేసిన టేబుళ్లను తీసేస్తుంది. ఆ మాడ్యూల్ పేరుతో మొదలయ్యే సెట్టింగ్స్‌ను తీసేస్తుంది. ఆ మాడ్యూల్ మీద ఆధారపడ్డామని తమలో రాసుకున్న కాన్ఫిగ్ ఎంటిటీలను (బ్లాక్ లాంటివి) కూడా తీసేస్తుంది. చాలామందిని దెబ్బ తీసేది ఈ మూడోదే. ధరల బ్లాక్ ప్లగిన్‌ను అదే ఐడీతో ఉమ్మడి మాడ్యూల్‌కు మార్చారనుకోండి. పేజీలో బ్లాక్ చక్కగా కనిపిస్తుంది, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఎప్పుడో సేవ్ చేసిన ఆ బ్లాక్ కాన్ఫిగ్‌లో డిపెండెన్సీ కింద ఇంకా పాత మాడ్యూల్ పేరే ఉంటుంది. పాత మాడ్యూల్ తీయగానే బ్లాక్ మాయం.

అందుకని పోస్ట్ అప్‌డేట్ హుక్‌లో ఆ బ్లాకులన్నీ లోడ్ చేసి మళ్లీ సేవ్ చేయండి, డిపెండెన్సీలు కొత్తగా లెక్కవుతాయి. సెట్టింగ్స్‌ను కొత్త పేరుకు కాపీ చేయండి. టేబుల్ ఉంటే కొత్త మాడ్యూల్‌లో కొత్త పేరుతో టేబుల్ చేసి డేటా తరలించండి. పర్మిషన్ల పేర్లు మారితే రోల్స్‌లోనూ మార్చాలి. ఇవన్నీ అయ్యాక, లైవ్ డేటాబేస్ కాపీ మీద అన్‌ఇన్‌స్టాల్ పేజీ తెరిచి, ఏమేం తొలగిస్తామని చూపించే జాబితా ఆసాంతం చదవండి. ఆ జాబితాలో మీకు కావాల్సింది ఒక్కటి కనిపించినా ఆగండి. పాత మాడ్యూల్ ఫోల్డర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయకముందే డిలీట్ చేయకూడదని వేరే చెప్పనక్కర్లేదు అనుకుంటా.

సొంత ఎంటిటీ టైపులు, ఫీల్డ్ టైపులు ఉంటే నా సలహా వేరు: వాటిని కదిలించకండి. లెక్కలు, నియమాలను మాత్రం బయటికి తీసి ఉమ్మడి చేయండి. ఎంటిటీ ఉన్నచోటే ఉంటే పోయేదేమీ లేదు.

క్లాస్ పేరు మార్చాను. పాత పేరుతో పిలిచే మాడ్యూళ్లు ఇంకా ఉన్నాయి. అన్నీ ఒకే రోజు మార్చాలా?

అక్కర్లేదు. పాత సర్వీస్ పేరును కొత్త సర్వీస్‌కు ఏలియాస్‌గా (మారుపేరుగా) పెట్టండి, సర్వీసెస్ ఫైల్‌లోనే డిప్రికేటెడ్ (ఇక వాడొద్దు, తర్వాత తీసేస్తాం) అని కూడా రాయండి. పాత క్లాస్‌ను ఖాళీగా ఉంచి కొత్త క్లాస్ నుంచి ఎక్స్‌టెండ్ చేయించండి. ఎప్పుడు తీసేస్తారో తేదీ రాసి టీమ్‌కు చెప్పండి. తేదీ లేని డిప్రికేషన్ ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది.

ఉమ్మడి కోడ్‌కు టెస్టులు తప్పనిసరా?

అవును. మిగతాచోట ఆలస్యం చేసినా ఇక్కడ చేయకండి, ఒక్క మార్పు అన్ని మాడ్యూళ్లనూ తాకుతుంది. లెక్కలకు యూనిట్ టెస్ట్ చాలు. సర్వీసులు కలిసి పనిచేస్తున్నాయా అనేది కెర్నల్ టెస్ట్‌లో (డ్రూపల్‌లో కావాల్సిన కొన్ని మాడ్యూళ్లనే నడిపి చూసే టెస్ట్) చూడండి. అందులో మాడ్యూల్స్ జాబితాలో ఉమ్మడి మాడ్యూల్ పేరు కూడా మీరే చేర్చాలి, ఇన్ఫో ఫైల్ చూసి కెర్నల్ టెస్ట్ దాన్ని తెచ్చుకోదు.

## ఒకటికి మించి సైట్లు ఉన్నప్పుడు

వరంగల్ కొత్తవాడ దరీలు అమ్మే ఇంకో సైట్ చేస్తున్నాం. ఎస్సెమ్మెస్ మాడ్యూల్ ఫోల్డర్‌ను కాపీ చేసుకుంటే సరిపోతుంది కదా?

మొదటి రోజుకు సరిపోతుంది. తర్వాత రెండు సైట్లలో రెండు రకాలుగా మారుతుంది, మూడో సైట్‌కు ఏది కాపీ చేయాలో తెలియదు. మాడ్యూల్‌ను సొంత గిట్ రిపాజిటరీలో పెట్టి, కంపోజర్ (పీహెచ్‌పీ ప్యాకేజీలను తెచ్చిపెట్టే టూల్) ఫైల్‌లో టైప్‌ను డ్రూపల్ కస్టమ్ మాడ్యూల్ అని రాయండి. ప్రతి సైట్ కంపోజర్ ఫైల్‌లో ఆ ప్రైవేట్ రిపాజిటరీ అడ్రస్ చేర్చి రిక్వైర్ చేయండి. వెర్షన్ ట్యాగులు వేయండి: ఉన్నది విరిగే మార్పు వస్తే మొదటి అంకె, కొత్తది చేరితే రెండో అంకె, తప్పు సరిచేస్తే మూడో అంకె మార్చాలి. ఏ సైట్ ఎప్పుడు కొత్త వెర్షన్‌కు వెళ్లాలో ఆ సైట్ చూసేవాళ్లు నిర్ణయించుకుంటారు.

కొలతలు, లక్షల పద్ధతి అంకెల లాంటి వాటికి అసలు డ్రూపలే అవసరం లేదు. ఉత్త పీహెచ్‌పీ లైబ్రరీగా చేస్తే కంపోజరే లోడ్ చేస్తుంది, మాడ్యూల్ ఆన్‌లో ఉందా అనే ప్రశ్నే రాదు. అంకెల కోసం మాత్రం సొంతంగా రాసే ముందు పీహెచ్‌పీలోని ఇంటల్ ఎక్స్‌టెన్షన్ చూడండి. నంబర్ ఫార్మాటర్‌కు తెలుగు–ఇండియా లొకేల్ ఇస్తే కామాలు లక్షల పద్ధతిలోనే పడతాయి.

ఎస్సెమ్మెస్ కీ, సెండర్ పేరు ఒక్కో సైట్‌కు వేరు. అవి కోడ్‌లో ఎట్లా పెట్టాలి?

కోడ్‌లో అసలు పెట్టకండి. రహస్య కీని సెట్టింగ్స్ డాట్ పీహెచ్‌పీ ద్వారా, సర్వర్ ఎన్విరాన్‌మెంట్ నుంచి ఇవ్వండి, గిట్‌లోకి పోకూడదు. సెండర్ పేరు, టెంప్లేట్ ఐడీలను కాన్ఫిగ్‌లో పెట్టి అడ్మిన్ ఫారం ఇవ్వండి. మన దేశంలో వ్యాపార ఎస్సెమ్మెస్‌లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం సెండర్ హెడర్, సందేశం టెంప్లేట్ రెండూ డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ వేదికలో ముందే రిజిస్టర్ అయి ఉండాలి. టెంప్లేట్ దాటి ఒక మాట మారినా సందేశం ఆగిపోవచ్చు. కాబట్టి సందేశం వాక్యం కూడా ప్రతి క్లయింట్‌కు వేరుగా ఉంటుంది, దాన్ని ఉమ్మడి మాడ్యూల్‌లో గట్టిగా రాసిపెట్టే ప్రయత్నం చేయకండి.

ఒక క్లయింట్ డబ్బులిచ్చి చేయించుకున్న కోడ్‌ను ఇంకో క్లయింట్‌కు వాడొచ్చా?

అది మీ ఒప్పందంలో ఏం రాసుకున్నారో దాన్నిబట్టి ఉంటుంది. డ్రూపల్ లైసెన్స్ జీపీఎల్ రెండో వెర్షన్ లేదా ఆ తర్వాతిది. మాడ్యూల్‌ను వేరేవాళ్లకు ఇస్తే అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. సొంత సైట్‌లో నడుపుకున్నంత మాత్రాన అందరికీ బయటపెట్టాల్సిన పని లేదు. అయితే కోడ్ హక్కులు పూర్తిగా క్లయింట్‌వేనని రాసి సంతకం పెట్టాక, అది మీ ఉమ్మడి మాడ్యూల్ అని చెప్పుకోలేరు. పని మొదలయ్యే ముందే, కొటేషన్ ఇచ్చే రోజునే, ఏ భాగం వాళ్లది, ఏ భాగం మీరు అన్నిచోట్లా వాడుకునేది అని తెలుగులోనైనా సరే స్పష్టంగా రాయించుకోండి. మొహమాటపడి వదిలేస్తే తర్వాత గొడవలు అవుతాయి, చిన్న ఊళ్లో ఆ మాట అందరికీ పాకుతుంది.

ఉమ్మడి మాడ్యూల్ చేసినవాడు ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఇప్పుడు దాన్ని ముట్టుకోవాలంటే భయమేస్తోంది.

ముందు ఎవరెవరు వాడుతున్నారో తేల్చండి. కస్టమ్ ఫోల్డర్‌లో ఆ మాడ్యూల్ నేమ్‌స్పేస్, సర్వీస్ పేర్లు, లైబ్రరీ పేరు, ట్విగ్ పేరు వెతకండి. ఇన్ఫో ఫైల్‌లో డిపెండెన్సీ లేని మాడ్యూళ్లు దొరికితే మొదటి కమిట్ వాటిని రాయడమే. తర్వాత బయటివాళ్లు పిలిచే మెథడ్లు ఏవో జాబితా తీసి, వాటికి మాత్రమే ఇప్పుడున్న ప్రవర్తనను పట్టుకునే టెస్టులు రాయండి, తప్పుగా అనిపించినా సరే ఉన్నది ఉన్నట్టు. ఎవరూ పిలవని మెథడ్లను తీసేయండి. ఇంత అయ్యాక రీడ్‌మీ ఫైల్‌లో ఈ మాడ్యూల్ ఏ పని చేస్తుంది, ఏ పని చేయదు, ఇక నుంచి ఎవరిని అడగాలి అని రాసి, ఆ మనిషి పేరు పెట్టండి.